తూము తీయమని నాకెవరూ చెప్పలేదు

ఊరు తాగే నీళ్ళలోకి చేపల చెరువు మురుగు వదిలారు. తెలియక కాదు, తెలిసే వదిలారు. చాటుగా కూడా కాదు, పట్టపగలు, ఊరంతా చూస్తుండగా వదిలారు. అది తప్పని అన్నందుకు ఊరు ఊరంతా నాతో మాట్లాడటం మానేసింది.

తప్పేదో ముందు చెప్పేసి, కారణాలు తర్వాత చెప్పడం నా పద్ధతి. ఆఫీసుల్లో దీనికి తలకిందులు. కారణాలన్నీ ముందు రాస్తారు, తప్పు దగ్గరకు వచ్చేసరికి కాగితం అయిపోతుంది.

నేను కొల్లేటి లంక గ్రామం ఒకదానిలో మంచినీళ్ళ పథకం ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాను. ఊరి పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్ళొక్కరే చదువుతారు, మిగతా ఊళ్ళవాళ్ళు ఇది మన సంగతి కాదులే అని పక్కన పెడతారు. నా చదువు ఐదో తరగతి. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోసే రోజుల్లో, కొట్లో పొట్లాలకని తెచ్చిన పాత పేపర్లు చదవడంతో అసలు చదువు మొదలైంది. ఇంగ్లీషు అక్షరాలు మోటార్ల మీద రేకులు చూసి నేర్చుకున్నాను. నా రాతలో ఎక్కడైనా ఆఫీసు వాసన తగిలితే, అది ఏళ్ళ తరబడి అర్జీలు రాసిన పాపం. క్షమించండి.

లంక గ్రామాలు చూడని పిల్లలకు కొంచెం చెప్పాలి. చుట్టూ ఎటు చూసినా నీళ్ళే. తాగడానికి మాత్రం చుక్క ఉండదు. ఒకప్పుడు కొల్లేటి నీళ్ళే కడవతో ముంచుకుని తాగేవారని ముసలివాళ్ళు చెప్పేవారు. నేను ఉద్యోగంలో చేరేసరికే అదొక కథ అయిపోయింది. ఏలూరు వైపు నుంచి వచ్చే కాలువకు మాది చిట్టచివరి ఊరు. పై ఊళ్ళన్నీ తడిశాక మిగిలిందే మాకు. ఆ కాలువ నుంచి ఒక పిల్లకాలువ, దాని గట్టున మంచినీళ్ళ చెరువు, చెరువుకు తూము, తూముకు ఇనప షట్టరు, షట్టరు తిప్పే చక్రానికి గొలుసు, గొలుసుకు తాళం, ఆ తాళంచెవి నా మొలతాటికి. అదీ నా ఉద్యోగం. చెరువు నీళ్ళు ఇసుక ఫిల్టరులోంచి ట్యాంకులోకి, ట్యాంకులోంచి కుళాయిల్లోకి పోవాలి.

ఎండాకాలం ముందు కాలువలు కట్టేస్తారు. కట్టేసే ముందు, ఊరూరికీ వంతు వేసి, మంచినీళ్ళ చెరువులు నింపుకోమంటారు. మా వంతు కొద్దిరోజులే. అది అవగానే పై ఊరి వంతు. ఆ కొద్దిరోజుల్లో పట్టుకున్న నీళ్ళే మళ్ళీ కాలువలు వదిలేదాకా ఊరు తాగాలి. పట్టుకోలేదా, ట్యాంకరు వెనకాల బిందెలు పట్టుకుని పరుగెత్తాలి.

ఆ పిల్లకాలువకు ఎగువన ఊరుమ్మడి చేపల చెరువు ఉంది. దాన్ని రామాలయం ముందు పాట పెడతారు. ఎక్కువ పాడినవాడు పాటదారు, చెరువు వాడిది. పాట సొమ్ము ఎవరి జేబులోకీ పోదు. బడికి ప్రహరీగోడ దానితోనే లేచింది. దేవుడి కల్యాణం దానితోనే జరుగుతుంది. దిక్కులేనివాళ్ళ దహనం ఖర్చూ అందులోదే. అంటే ఆ చెరువులో చేప బలిస్తే ఊరు బలిసినట్టు. ఆ చెరువును ఎవరైనా ఒక మాటంటే ఊరిని అన్నట్టు.

ఊరికి కట్టుబాటు ఉంది. పెద్దలు కూర్చుని ఒక మాట అనుకుని టముకు వేయిస్తే ఇంక దానికి తిరుగులేదు. తప్పినవాడు అపరాధం కట్టాలి. కట్టుబాటు చెడ్డదని నేననను. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఇంటికొక మనిషి గట్టు మీదకు రావాలని టముకు వేస్తే, రాని ఇల్లు ఉండేది కాదు. పట్నంలో అపార్టుమెంటు మెట్లు ఎవరు ఊడ్చాలన్న దగ్గర కొట్టుకునేవాళ్ళను ఇప్పుడు చూస్తుంటే, ఆ గట్టు మీద బుట్టలందించుకున్న చేతులు గుర్తొస్తాయి. కానీ ఆ కట్టుబాటులో మొదటి సూత్రం ఒకటుంది. ఊరి మాట ఊరు దాటకూడదు. నా తల అక్కడ తగిలింది.

చేప పట్టుబడికి వచ్చినప్పుడు చెరువు నీళ్ళు లాగేయాలి. ఆ నీళ్ళు ఎలా ఉంటాయో ఆ గట్టున నడిచినవాడికే తెలుసు. మేత తెచ్చే ఖర్చు కలిసొస్తుందని కోళ్ళ వ్యర్థాలు వేసేవారు. ఏడాదంతా అందులో మురిగిన నీళ్ళు నల్లగా, చిక్కగా, గంజిలా ఉంటాయి. వాటిని వదలడానికి చెరువుకు అసలు దారి వేరే ఉంది. వెనకవైపు నుంచి మురుగుకోడు, అంటే మురుగు పోయే పాయ, తిన్నగా కొల్లేట్లోకి. నేను చేరిన కొత్తల్లో అందులో పడవ తిరగడం నా కళ్ళతో చూశాను. తర్వాత ఒకరు గట్టున పశువుల పాక వేశారు. ఒకరు వలలు ఆరేసుకునే పందిరి వేశారు. ఒకరు గట్టును కాస్త జరిపి అరటి పిలకలు నాటారు. ఊరి పెద్దాయన పడవల కోసం పెద్ద షెడ్డే వేశాడు. కోడును పూడ్చింది ఎవరండీ అంటే ఎవరూ కాదు. ఒక్కొక్కరూ కాస్త జరిగారు, అంతే. కోడే పాపం తనంతట తాను సన్నబడి, గుర్రపుడెక్క కప్పుకుని పడుకుంది.

కోడు మూసుకుపోయాక పాటదారు నీళ్ళు ఇటు, పిల్లకాలువలోకి తోడటం మొదలుపెట్టాడు. మొదట్లో కొద్దికొద్దిగా తోడేవాడు. నల్లనీళ్ళు దాటిపోయేదాకా తూము మూసి కూర్చునేవాణ్ణి. తర్వాత వాడి పట్టుబడి, మా వంతు ఒకే వారంలో పడసాగాయి. కాలువ కట్టేసేలోపు వాడూ చెరువు ఖాళీ చేసి కొత్తనీళ్ళు పట్టుకోవాలి కదా. ఇంక ఆ నీళ్ళకే తూము తీయాల్సి వచ్చేది.

నన్ను వెలివేయడానికి ముందటి ఎండాకాలం కుళాయి నీళ్ళు కంపు కొట్టాయి. ఇంటింటా వాంతులు, విరేచనాలు. పసిపిల్లల ఒంటి మీద దద్దుర్లు. ఊరు కారణం కనిపెట్టింది. కారణం నేను. కుళాయి దగ్గర బిందె పెట్టుకున్న ఒకావిడ ఎంతో మర్యాదగా అడిగింది.

"ఏవండీ ఆపరేటరు గారూ, ఈసారి బ్లీచింగ్ బస్తా ఏ రేటుకి అమ్మారండీ?"

మా గోదావరి వైపు మాట ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. దెబ్బ తగిలేది ఇంటికెళ్ళి చొక్కా విప్పాక.

ఆ మాట నన్ను ఏలూరు పంపింది. మా ఇంజనీరు, ఏఈ గారు, చెడ్డవాడు కాదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, అంతా విన్నాడు. విని నిట్టూర్చాడు.

"మీరు చెప్పింది నిజమేనండీ. కానీ చెరువు పంచాయతీది. కాలువ ఇరిగేషన్ వాళ్ళది. కోడు డ్రైనేజీ వాళ్ళది. చేపలు ఫిషరీస్ వాళ్ళవి. కుళాయిలో పడ్డ నీళ్ళు మాత్రమే నావి."

"మరి ఆ నీళ్ళు తాగే మనుషులు ఎవరి శాఖండీ?"

"అది మెడికల్," అన్నాడు నవ్వకుండా. ఆ తర్వాత ఇద్దరం నవ్వాం. ఏడవలేక.

అయినా ఆయన ఊరికి వచ్చాడు. అద్దె జీపులో వచ్చి, చెరువు చూసి, కోడు చూసి, తల పట్టుకున్నాడు. ఊరి పెద్దాయన ఇంట్లో చేపల పులుసుతో భోజనం పెట్టారు. జీపు ఎక్కేటప్పుడు నా చెవిలో, "కాస్త అందరితో సర్దుకుపోండి, ఉండాల్సింది మీరు," అన్నాడు. ఆయన వెళ్ళాడు. నేను ఉన్నాను.

సాయంత్రానికి టముకు వేశారు. "ఆపరేటరు గారు ఊరి మాట ఊరు దాటించారు గనక, ఈ పొద్దు నుంచి ఆపరేటరు గారితో ఎవరూ మాట్లాడరాదహో!" వెలివేస్తూ కూడా 'గారు' తియ్యలేదు చూడండి. అదీ మా జిల్లా మర్యాద.

చదివేవాళ్ళకు ఇది నవ్వులాటగా ఉండొచ్చు. అనుభవించినవాడికి కాదు. కిరాణాకొట్టు అతను నేను రాగానే త్రాసు సర్దుకుంటూ వెనక్కి తిరిగేవాడు. మంగలి షాపులో కుర్చీ ఖాళీగా ఉన్నా ఖాళీ లేనట్టే. ఆకివీడు బస్సు ఎక్కితే నా పక్కన సీటు వదిలేసి జనం నిలబడేవారు. మనిషిని నలుగురిలో పెట్టి లేనట్టు చూడటం చాలా నీచమైన పని. చట్టం కూడా ఒప్పుకోదు. ఆ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. తమాషా ఏమిటంటే నాతో మాట్లాడకూడదు గాని, నేను వదిలిన నీళ్ళు తాగొచ్చు. కుళాయి ఒక్క పూట ఆలస్యమైతే ఊరంతా గడియారం చూసేది. ఎవరూ అడగలేకపోయేవారు.

మా ఆవిడ మాత్రం ఒక రోజు అన్నం వడ్డిస్తూ అంది. "ఊళ్ళోవాళ్ళు మీకు శిక్ష వేశామనుకుంటున్నారు గాని, వేసింది నాకండీ. ఇదివరకు మీ ఉపన్యాసాలు ఊరంతా పంచుకునేది. ఇప్పుడు మొత్తం నేనే వినాలి."

"పోనీ పుట్టింటికి వెళ్తావా?"

"మీరు గెలిచేదాకా ఇక్కడే ఉంటాను. ఓడిపోతే వెళ్తాను. ఓడిపోయిన మగాడి ఉపన్యాసాలు ఇంకా పొడుగుంటాయి."

ఆ పంతంలోనే మళ్ళీ కాలువలు కట్టేసే రోజులొచ్చాయి.

మా వంతు మొదలైంది. పాటదారు చెరువుగట్టున లారీలు ఆగాయి. ఇంజన్లు పెట్టి నల్లనీళ్ళు పిల్లకాలువలోకి తోడుతున్నారు. వచ్చే కాలువ నీళ్ళలో సగం అవే. నేను తూము మూసి, తాళం వేసి, పంపుహౌసు అరుగు మీద కూర్చున్నాను. తీస్తే ఎండాకాలమంతా ఊరు ఆ నీళ్ళే తాగాలి. తీయకపోతే అసలు నీళ్ళే లేవు. చెరువులో అప్పటికి బురద మీద జానెడు నీళ్ళున్నాయి.

మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండోరోజు కొందరు వచ్చి, తూము వైపు చూసి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయారు. వంతు అయిపోతుందనగా ముందురోజు పొద్దున్నే ఊరి పెద్దాయన, వెనకాల జనం వచ్చారు. ఆడవాళ్ళు బిందెలతో సహా వచ్చారు.

పెద్దాయన భారీ మనిషి. తెల్లని పంచె, భుజాన తువాలు. అరుగు దాకా వచ్చి ఆగాడు. నోరు తెరవబోయి, కట్టుబాటు గుర్తొచ్చి, చుట్టూ చూశాడు. పంపుహౌసు పక్కన కరెంటు స్తంభం కనిపించింది. దాని వైపు తిరిగాడు.

"ఏవండీ స్తంభం గారూ, మన వంతు రేపటితో అయిపోతుందంట. తూము ఎందుకు తీయలేదో కాస్త కనుక్కుంటారా?"

నేనూ స్తంభం వైపే తిరిగాను. "స్తంభం గారూ, తూము తీయమని నాకెవరూ చెప్పలేదండీ. చెప్పాలంటే నాతో మాట్లాడాలి కదండీ."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన మొహం కందిపోయింది.

"చెప్పినట్టే అనుకోమనండి."

"అనుకుని తూములు తీస్తే ఉద్యోగం ఊడుతుందండీ. ప్రెసిడెంటు గారి నోటిమాటైనా కావాలి."

ప్రెసిడెంటు పెద్దాయన మేనల్లుడే. పక్కనే ఉన్నాడు. నోరు తెరిచి, మావయ్య వైపు చూసి, మూసుకున్నాడు. మాట్లాడితే అపరాధం కట్టాలి, దాన్ని వసూలు చేయాల్సింది కూడా తనే.

జనంలోంచి ఒకడు, "గొలుసు కోసేద్దాం బాబాయ్, కట్టరు తెస్తాను," అన్నాడు.

"గవర్నమెంటు తాళంరా అది. కోస్తే కేసవుద్ది," అన్నాడు పెద్దాయన.

నన్ను నోరెత్తకుండా చేద్దామనుకున్నారు. తీరా చూస్తే ఊరే నోరు కట్టుకుని నిలబడింది. ఆ సంగతి అందరికీ ఒకేసారి తట్టినట్టుంది. 

అప్పుడు జనాన్ని తోసుకుంటూ ఒక ముసలావిడ ముందుకొచ్చింది. ఎండుచేపల గంప ఎత్తుకుని ఏలూరు సంతలో అమ్ముకుని వచ్చే మనిషి. పెద్దాయనకు వరసకు అక్క. నా ఎదురుగా నిలబడింది.

"ఏం బాబూ, నీ గొడవేంటో నాకు చెప్పు. స్తంభానికి చెబితే అది నాకు చెప్పదు."

"అక్కా! కట్టుబాటు తప్పుతున్నావు," అన్నాడు పెద్దాయన.

"అపరాధం వెయ్యి. ఇంట్లో ఎండుచేపలున్నాయి, జమ కట్టుకో. ఇన్నాళ్ళూ నోరు కట్టుకుని నాకు అన్నం అరగట్లేదు."

నేను ఆమెను కాలువ గట్టుకు తీసుకెళ్ళాను. జనం వెనకాలే వచ్చారు. నల్లనీళ్ళ మీద నురగ, నురగ మీద కోడి ఈకలు తేలుతూ పోతున్నాయి. పెద్దగా చెప్పాల్సింది ఏమీ లేదు.

"అమ్మా, ఇదీ సంగతి. నా ఇసుక ఫిల్టరు బురదను ఆపుతుంది, రోగాన్ని ఆపదు. బ్లీచింగ్ ఎంత గుమ్మరించినా ఇంత కుళ్ళుకు సరిపోదు. తూము తీస్తే ఇది తాగాలి. తీయకపోతే నీళ్ళు లేవు. ఈ రెండిట్లో ఏదీ నేను తెచ్చిపెట్టింది కాదు. ఏది కావాలో మీరే చెప్పండి. తాళంచెవి ఇదిగో."

నిజంగానే మొలతాటి నుంచి విప్పి అరచేతిలో పెట్టి చూపించాను. ఎవరూ తీసుకోలేదు.

ఇంతలో పాటదారు మోటారుసైకిలు మీద వచ్చాడు. గొడవ సంగతి ఎవరో చేరవేసినట్టున్నారు. వాడి మీద నాకున్న కోపం మాటల్లో చెప్పలేనిది. కానీ వాడన్న మాట మాత్రం ఈ రోజుకీ కాదనలేను.

"నన్నేం చెయ్యమంటారండీ? లారీలు వచ్చి నిలబడ్డాయి. నీళ్ళు లాగకపోతే చేప చేతికి రాదు. చేప రాకపోతే మీ పాట సొమ్ము రాదు. కోడులోకి వదులుదామంటే కోడేదండీ? పాకలు మీవి, పందిళ్ళు మీవి, అరటితోట మీది. ఆకాశంలోకి తోడమంటారా?"

ఎవరి చూపు వాళ్ళ కాళ్ళ మీద పడింది.  ఏఈ గారి దగ్గర నేను నోరు చించుకుని చెప్పిన మాటే అది. కానీ అదే మాట పాటదారు నోట వింటే ఊరికి వేరేగా వినపడింది. వాడిని వెలివేయలేరు కదా, వాడు ఊరివాడే కాదు.

ఆడవాళ్ళలోంచి ఒక గొంతు వినిపించింది. పెద్దాయన కోడలు. చంకలో ఖాళీ బిందె. నిరుడు వాళ్ళ చంటాడు విరేచనాలతో ఏలూరు ఆసుపత్రిలో ఉండొచ్చాడు. ఆమె మామగారి ముందు పెద్దగా మాట్లాడిన మనిషి కాదు. తలెత్తకుండానే అంది.

"మావయ్యగారూ, ముందు మన షెడ్డు తీయించేద్దామండీ. మిగతావాళ్ళ సంగతి వాళ్ళే చూసుకుంటారు."

అంతే. అంత మెత్తగా.

పెద్దాయన ఆమె వైపు చూశాడు. నా వైపు చూశాడు. భుజం మీది తువాలు తీసి తలకు చుట్టుకుని, వెనుదిరిగి నడిచాడు. అలిగి ఇంటికి పోతున్నాడనుకున్నాం. ఇంటి మలుపు దాటి కోడు వైపు తిరిగాడు. మేం వెళ్ళేసరికి తన పడవల షెడ్డు కప్పు మీది తాటాకు రెండు చేతులా లాగి పారేస్తున్నాడు. దుమ్ములోంచి ఒక అరుపు వినిపించింది.

"చూస్తారేంట్రా? సినిమానా ఇది? దిగండి!"

టముకు అక్కర్లేకపోయింది. పాకలో పశువుల్ని విప్పారు. పందిరి గుంజలు పీకారు. అరటిచెట్లు నరికినావిడ ప్రతి చెట్టుకూ ఒక తిట్టు చొప్పున తిట్టింది, ఎవరినో చెప్పలేదు. గట్లు వేయడానికి తెచ్చుకున్న పొక్లెయిన్ పాటదారు దగ్గర ఉండనే ఉంది. దాన్ని కోడులోకి దించాడు. గుర్రపుడెక్క గుట్టలు గుట్టలుగా పైకి వచ్చింది. మొలలోతు బురదలో దిగినవాళ్ళలో నిన్నటిదాకా నన్ను చూసి మొహం తిప్పుకున్న కిరాణాకొట్టు అతనూ ఉన్నాడు. మా ఆవిడ, ముసలావిడ కలిసి మజ్జిగ పోశారు. మా ఆవిడతో ఆడవాళ్ళంతా మాట్లాడారు. నాతో మాత్రం ముసలావిడ తప్ప ఎవరూ మాట్లాడలేదు. కట్టుబాటు కట్టుబాటే.

మర్నాటికి కోడు తెరుచుకుంది. పూర్తిగా కాదు, నీళ్ళు పోయేంత. పాటదారు ఇంజన్లు అటు తిప్పాడు. కానీ పిల్లకాలువ నిండా ఇంకా నల్లనీళ్ళే. అవి కడుక్కుపోయి మంచినీళ్ళు రావాలంటే ఇంకొంచెం వంతు కావాలి. మా వంతు ఆ పూటతో సరి. మిగిలిన దారి ఒకటే. పై ఊరివాళ్ళ వంతులో కాస్త అడగాలి. వాళ్ళు వరి రైతులు. మా లంకవాళ్ళకూ వాళ్ళకూ నీళ్ళ దగ్గర తాతలనాటి నుంచి పడదు.

నేను నా మోపెడ్ స్టార్టు చేశాను. పెద్దాయన వచ్చి వెనకాల కూర్చున్నాడు. దారి పొడుగునా ఒక్క మాట లేదు. కుడికి తిరగాలంటే కుడి భుజం తట్టేవాడు, ఎడమకు తిరగాలంటే ఎడమ భుజం. ఆ రోడ్డు ఆయనకంటే నాకే బాగా తెలుసు. ఆయనకూ ఆ సంగతి తెలుసు.

పై ఊరి రైతు ఒకాయన కళ్ళంలో ఉన్నాడు. మా పెద్దాయన ఎవరినీ దేనికీ అడిగిన మనిషి కాదు. గొంతు సవరించుకుని, "మీ వంతులో కాసిని నీళ్ళు మాకు వదలాలండీ. తాగడానికి," అన్నాడు. అనడానికి ఎంత బాధపడ్డాడో నాకు ఆయన మెడ నరాలు చూస్తే తెలిసింది.

రైతు నన్ను అడిగాడు. "కోడు తీశారంట, నిజమేనాండీ?"

"నిజమేనండీ. నిన్నటి నుంచి ఊరంతా అందులోనే ఉంది."

"అయితే పట్టుకెళ్ళండి నీళ్ళు. ఆ కోడు మూసుకుపోయిన దగ్గర నుంచి వానొస్తే మా చేలు మునుగుతున్నాయి. మా మురుగూ అందులోంచే పోవాలి కదండీ. మిమ్మల్ని అడిగితే తగాదా అవుద్దని ఊరుకున్నాం."

వినండి. వాళ్ళు అడగలేదు, తగాదా అవుతుందని. మేం తీయలేదు, ఎవరూ అడగలేదని. మధ్యలో చేలు మునిగాయి, పిల్లలకు రోగాలొచ్చాయి. ఇంతకంటే పెద్ద పర్యావరణ పాఠం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

చెరువు నిండలేదు. ముప్పాతిక దాకా వచ్చింది. ఆ ఎండాకాలం కుళాయిలు రోజు విడిచి రోజు వదిలాను. ఎవరెన్ని బిందెలు పట్టాలో ఆడవాళ్ళే కూర్చుని తేల్చుకున్నారు. గొడవలు జరిగాయి, బిందెలు దొర్లాయి, ఒకావిడ నా చొక్కా కూడా పట్టుకుంది. కానీ నీళ్ళు కంపు కొట్టలేదు. దాన్ని నేను గెలుపనే అంటాను.

కట్టుబాటు సంగతి చెప్పలేదు కదూ. దాన్ని ఎవరూ ఎత్తేయలేదు. ఎత్తేస్తే వేసింది తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. మెల్లగా ఒక్కొక్కరే మరిచిపోయినట్టు మాట్లాడటం మొదలుపెట్టారు. పెద్దాయన మాత్రం అందరికంటే ఆలస్యంగా, ఒక పొద్దున పంపుహౌసు ముందు ఆగి, "బ్లీచింగ్ వేశారా?" అన్నాడు. "వేశానండీ," అన్నాను. అంతటితో నేను మళ్ళీ మనిషినయ్యాను. ఆఫీసు లెక్కన చూస్తే ఆ టముకు ఈ రోజుకీ అమల్లోనే ఉంది.

రిటైరై వట్లూరు దగ్గర ఇల్లు అద్దెకు తీసుకున్నాను. ఆ మధ్య పక్కనున్న కాలేజీ పిల్లలు పర్యావరణం గురించి రెండు మాటలు చెప్పమని పిలిచారు. వెళ్ళేసరికి ఒక మొక్క నాటి, చుట్టూ నిలబడి ఫొటోలు దిగుతున్నారు. "దీనికి రేపు నీళ్ళు పోసేదెవరమ్మా?" అని అడిగాను. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నేను చెప్పాల్సిన ఉపన్యాసం అక్కడితో అయిపోయింది. అయినా గంటసేపు మాట్లాడాననుకోండి. మా ఆవిడ అక్కడ ఉంటే ఆపేది.

పిల్లలకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. రోజులు బాగాలేవు, నిజమే. వాన ఎప్పుడొస్తుందో తెలియదు, వస్తే ఎంతొస్తుందో తెలియదు. ఎక్కడో కొండల్లో కురిసింది ఇక్కడ మన గుమ్మంలోకి వస్తోంది. భయపడి లాభం లేదు. మీ ఊరి నీళ్ళు ఎటు నుంచి వస్తాయో, ఎటు పోతాయో ఒక్కసారి కాలినడకన వెళ్ళి చూడండి. పోయే దారిలో మీ గోడ ఉంటే ముందు మీదే తీయండి. ఆ తర్వాత ఎవరిదైనా తీయమని ధైర్యంగా అడగండి. వెలివేస్తారేమో. వేయనివ్వండి. నేను బతికే ఉన్నానుగా, మీ ముందు.

మొన్న వరదలప్పుడు చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళలోకి నీళ్ళొచ్చి రోజుల తరబడి నిలిచిపోయాయి. మా ఊళ్ళోకీ వచ్చాయి. కానీ కోడులోంచి లాగేశాయి. ఆ కబురు విన్న రోజు నాకు సంతోషంతో పాటు పాత కోపమూ పొంగింది. పెద్దాయనకు ఫోను చేశాను. రిటైరైన నాటి నుంచి కలిసినప్పుడల్లా ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చాను. నన్ను వెలివేసింది తప్పా, కాదా? ఎప్పుడడిగినా చేప రేటు గురించో, మోకాళ్ళ నొప్పుల గురించో చెప్పి దాటేసేవాడు. ఈసారీ అదే అడిగాను. ఈసారీ మోకాళ్ళ గురించే చెప్పి పెట్టేశాడు.

పోయిన వారం ఆయనే ఫోను చేశాడు. కుశలం అడగలేదు. గొంతు బాగా నీరసించింది గాని మాట తడబడలేదు.

"ఏవండీ, మీకో జవాబు బాకీ ఉన్నాను కదా. మా పెద్ద మనవడు కోడు గట్టున రేకుల షెడ్డు వేశాడండీ. పీకెయ్యరా అంటే వినలేదు. ఊరిని పోగుచేసి, షెడ్డు తీసేదాకా వాడితో ఎవరూ మాట్లాడకూడదని నేనే టముకు వేయించాను. ఇంట్లో వాడు ఎదురుపడితే నేనే పక్కకి తప్పుకుంటున్నాను. మీకు చేసింది తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తెలీదు గాని, వెలివేస్తే కష్టం అవతలివాడికే అనుకున్నానండీ ఇన్నాళ్ళూ."